గడువు మీద గడువు
(చిత్తూరులో చేసిన కట్టమంచి రామలింగారెడ్డి స్మారక ఉపన్యాసం, పూర్తి పాఠం)



కట్టమంచి వారి పేరు మీద ఉపన్యాసం అంటే సాహిత్యం తెలిసినవాళ్ళను పిలవడం రివాజు. ఈసారి లెక్కలు రాసుకునే ఆడిటర్ని పిలిచారు. దీనికి నిర్వాహకులను తప్పుపట్టకండి. 'కవిత్వతత్త్వ విచారము' రాసిన చెయ్యే తెలుగులో అర్థశాస్త్ర గ్రంథమూ రాసింది. ఈ ఊరి పక్కనే కట్టమంచిలో 1880లో పుట్టి, కేంబ్రిడ్జిలో చదువుకుని, ఆంధ్ర విశ్వవిద్యాలయానికి తొలి వైస్‌ఛాన్సలరై, 1930లో ప్రభుత్వ దమనకాండకు నిరసనగా ఆ కుర్చీ వదిలేసి వచ్చిన మనిషి ఆయన. పదవిని వదులుకోవడం ఆయనకు తెలుసు. సర్కారు లెక్కలను నిలదీయడమూ తెలుసు. కాబట్టి ఈ రోజు కాసేపు పైసల గురించి మాట్లాడితే ఆయన ఆత్మ నొచ్చుకోదనే నా నమ్మకం.

నా వృత్తి మీకు తెలిసిందే. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలు, గ్రానైటు కోత యూనిట్లు, నగరి, పుత్తూరు వైపు మరమగ్గాల షెడ్లు, ఒకప్పుడు చక్కెర ఫ్యాక్టరీలు. ఈ జిల్లా వ్యాపారమంతా నా బల్ల మీదికి బిల్లుల రూపంలోనే వస్తుంది. ఆ కట్టలో కరెంటు బిల్లు ఎప్పుడూ పైనే ఉంటుంది. కరెంటు ఉత్పత్తి మీద పర్యావరణ నిబంధనలు పెరిగితే వ్యాపారం ఏమైపోతుంది, ఇదీ నాకిచ్చిన విషయం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను, తర్వాత మీరు కొట్టినా సరే. నిబంధన ఎంత గట్టిదైనా వ్యాపారస్తుడు లెక్కేసుకుని సర్దుకుంటాడు. రేపు ఉంటుందో ఊడుతుందో తెలియని నిబంధనతోనే మునుగుతాడు. మన దేశంలో కరెంటు ఉత్పత్తికి సంబంధించి గత పదేళ్ళుగా నడుస్తున్నది ఈ రెండో రకం వ్యవహారం.

చిత్తూరు జిల్లాలో కరెంటు తయారుచేసేది ఎవరు అని అడిగితే చాలామంది తెల్లమొహం వేస్తారు. మనకు బొగ్గు ప్లాంటు లేదు, పెద్ద ఆనకట్ట లేదు. జవాబు చాలా దగ్గర్లో ఉంది. షెడ్డు వెనక డీజిల్ జనరేటరు పెట్టుకున్న ప్రతివాడూ కరెంటు ఉత్పత్తిదారుడే.

జూన్, జులై నెలల్లో ఒక గుజ్జు ఫ్యాక్టరీకి పోయి చూడండి. బంగారుపాళెం, దామలచెరువు మండీల నుంచి వచ్చిన తోతాపురి కాయ గేటు బయట ట్రాక్టర్లలో వరసకట్టి ఉంటుంది. లోపల కాయ కడిగి, పండబెట్టి, టెంకె తీసి, గుజ్జు పిండి, వేడిచేసి, సూక్ష్మక్రిములు చొరబడకుండా సంచుల్లో నింపి, డ్రమ్ముల్లో పెడతారు. ఈ వరసలో ఎక్కడ కరెంటు పోయినా ఆ లైనులోని సరుకు వదులుకోవాలి. పైపులన్నీ కడిగి, ఆవిరి పట్టించి, మళ్ళీ మొదటినుంచీ రావాలి. అందుకే కరెంటు పోయిన క్షణాల్లో జనరేటరు అందుకోవాలి. లీటరు డీజిల్ పోస్తే మూడు, మూడున్నర యూనిట్లు వస్తాయి. ఇవాళ్టి డీజిల్ ధరతో యూనిట్టు ముప్పై రూపాయలకు అటూ ఇటూ పడుతుంది. లైను కరెంటుకు నాలుగింతలు. 2025 సీజన్లో తోతాపురికి ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలివ్వాలి, ప్రభుత్వం 4 రూపాయలు కలుపుతుంది అని తేల్చడానికి ఎంత రభస జరిగిందో మీరంతా చూశారు. కాయ దగ్గర అర్ధరూపాయికి గొడవపడే వ్యాపారంలో యూనిట్టు ముప్పై రూపాయల కరెంటంటే ఎంత బరువో మీరే ఊహించుకోండి.

ఆ జనరేటరుకూ పర్యావరణ నిబంధన ఉంది. పొగ గొట్టం ఎంత ఎత్తుండాలో ఒక సూత్రమే ఉంది. జనరేటరు సామర్థ్యం ఎన్ని కేవీఏలో చూసి, దాని వర్గమూలాన్ని 0.2తో గుణించి, వచ్చినన్ని మీటర్లు భవనం ఎత్తు మీద కలపాలి. 400 కేవీఏ అయితే కప్పు మీద ఇంకో 4 మీటర్లు. చప్పుడు బయటికి రాకుండా గది కట్టాలి. 2022 నవంబరులో కొత్త ప్రమాణాలు నోటిఫై చేసి, 2023 జులై నుంచి 800 కిలోవాట్ల దాకా జనరేటర్లన్నీ వాటికి లోబడే తయారు కావాలన్నారు. పాత నిల్వ అమ్ముకోవడానికి తర్వాత కొంత వెసులుబాటు ఇచ్చారు. కొత్త యంత్రం శుభ్రంగానే ఉంటుంది, ధర మాత్రం బాగా ఎక్కువ. ఇవేవీ తప్పని నేననడం లేదు. షెడ్డు పక్కన బడి ఉంటే ఆ గొట్టం ఎత్తుండాల్సిందే.

నా క్లయింటు ఒకాయన, పేరు చెప్పను, కొత్త జనరేటరు కొన్న ఏడాది నా ఎదుట కూర్చుని అన్న మాట గుర్తుంది. "సామీ, నేను గడువులోపల కొన్నాను. పక్కనోడు కొనలేదు. గడువు పొడిగించినారు. వాడు నాకంటే డ్రమ్ముకు తక్కువ రేటు కోట్ చేసి ఆర్డరు కొట్టుకుపోయినాడు. ఇప్పుడు చెప్పండి, ఎవరు తెలివైనోడు?" ఆ ఏడాది లెక్కల్లో నేను చేయగలిగింది తరుగుదల కింద కొంత చూపించడం ఒక్కటే. ఆయన ప్రశ్నకు జవాబు నా దగ్గర లేకపోయింది. ఆ ప్రశ్నే ఈ ఉపన్యాసం.

కదలని నిబంధన వ్యాపారాన్ని ఏం చేస్తుందో ముందు చూద్దాం. మన సరిహద్దు దాటి గంట ప్రయాణం చేస్తే వేలూరు. కర్ణాటకలో పుట్టి, మన కుప్పం మీదుగా తమిళనాడులోకి దిగే పాలారు ఒడ్డున వాణియంబాడి, ఆంబూరు, రాణిపేటల్లో వందల తోళ్ళ శుద్ధి కర్మాగారాలు. వాటి మురుగుతో ఊరి బావులు చెడిపోయాయని వేలూరు పౌర సంక్షేమ వేదిక సుప్రీంకోర్టుకు పోయింది. 1996 ఆగస్టు 28న తీర్పు వచ్చింది. పాడుచేసినవాడే ఖర్చు భరించాలి, నష్టం రుజువయ్యేదాకా ఆగకుండా ముందే జాగ్రత్తపడాలి. ఈ రెండు సూత్రాలూ మన దేశ చట్టంలో భాగమేనని కోర్టు తేల్చిచెప్పిన తీర్పు అది. ఒక్కో కర్మాగారానికి పది వేల రూపాయల జరిమానా వేసి, శుద్ధి ప్లాంట్లు పెట్టుకోకపోతే మూసేయమంది. తోళ్ళ వ్యాపారం నాశనమైపోతుందని అప్పట్లో గగ్గోలు పుట్టింది. ఏమైంది? ఉమ్మడి శుద్ధి ప్లాంట్లు వచ్చాయి, కొందరు మూసుకున్నారు, మిగిలినవాళ్ళు ఇవాళ్టికీ ప్రపంచానికి చెప్పులు, బూట్లు పంపుతూనే ఉన్నారు. పాలారు బాగుపడిందని నేను చెప్పబోవడం లేదు. ఆ ఒడ్డున నడిచినవాడెవడూ ఆ మాట అనలేడు. నేను చెప్పేది వ్యాపారం సంగతి. కోర్టు మాట కదలదని తేలాక వ్యాపారం దానికి సర్దుకుంది.

ఇప్పుడు బొగ్గు కరెంటు సంగతి. 2015 డిసెంబరు 7న కేంద్ర పర్యావరణ శాఖ థర్మల్ ప్లాంట్లకు కొత్త ప్రమాణాలు ప్రకటించింది. అంతదాకా మనదేశంలో బొగ్గు ప్లాంటు చిమ్నీకి దుమ్ము మీదే హద్దు ఉండేది. గంధకం పొగకు, నత్రజని పొగకు, పాదరసానికి, నీటి వాడకానికి మొదటిసారిగా అంకెలు పెట్టారు. గంధకం పొగను ఘనపు మీటరుకు మిల్లీగ్రాముల్లో కొలుస్తారు. 2017 నుంచి కట్టే ప్లాంట్లకు 100, అంతకుముందున్న 500 మెగావాట్లు, ఆపై యూనిట్లకు 200, చిన్న యూనిట్లకు 600. ఉన్న ప్లాంట్లన్నీ రెండేళ్ళలో ఈ హద్దుల్లోకి రావాలన్నారు.

రెండేళ్ళంటే 2017 డిసెంబరు. ఆ నెల వచ్చేసరికి గడువు 2022 దాకా జరిగింది. 2021లో ప్లాంట్లను మూడు తరగతులు చేశారు. ఢిల్లీ చుట్టుపక్కలకో, పది లక్షల జనాభా దాటిన నగరానికో 10 కిలోమీటర్ల లోపున్నవి మొదటి తరగతి. కాలుష్యం తీవ్రంగా ఉన్న ప్రాంతాలకు, గాలి ప్రమాణాలు అందుకోలేని ఊళ్ళకు అంతే దూరంలో ఉన్నవి రెండోది. మిగిలినవన్నీ మూడోది. వాటికి వరసగా 2022, 2023, 2024 గడువులు. 2022 సెప్టెంబరులో గంధకం పొగ వరకు ఆ గడువులు 2024, 2025, 2026 అయ్యాయి. 2024 డిసెంబరు 30న ఇంకో మూడేళ్ళు కలిపారు. చివరికి 2025 జులై 11న మూడో తరగతికి గంధకం పొగ హద్దు నుంచి పూర్తిగా మినహాయింపే ఇచ్చేశారు. దేశంలోని బొగ్గు యూనిట్లలో నూటికి 78 ఆ తరగతివే. రెండో తరగతిని ఒక్కో కేసు చూసి తేలుస్తామన్నారు. మొదటి తరగతికి మాత్రం 2027 డిసెంబరు దాకా గడువు. మినహాయింపు పొందినవి చిమ్నీ ఎత్తు నిబంధన పాటిస్తే చాలు. మన గుజ్జు ఫ్యాక్టరీ గొట్టానికి ఉన్నట్టే దానికీ ఒక సూత్రం ఉంది. అంటే పదేళ్ళు తిరిగి తిరిగి, పొగను కడగడం దగ్గర మొదలైన ప్రయాణం పొగను ఎత్తు నుంచి వదలడం దగ్గర ఆగింది.

ప్రభుత్వం చెప్పిన కారణాలను తేలిగ్గా తీసిపారేయలేం. మన బొగ్గులో గంధకం తక్కువ. చాలా ఊళ్ళలో గాలిలో గంధకం పొగ ఇప్పటికే ప్రమాణాల లోపలే ఉందని అధ్యయనాలు చేయించి చూపించారు. పొగను కడగాలంటే సున్నపురాయి తవ్వాలి, యంత్రాలు తిప్పాలి, దానికీ కరెంటు ఖర్చే, దాంతో ఇంకాస్త బొగ్గుపులుసు వాయువు. ఇవన్నీ నిజాలే. అవతలివైపు నిజమూ ఉంది. గంధకం పొగ గాలిలో పోతూ పోతూ సన్నటి రేణువులుగా మారి, ఎక్కడో వందల కిలోమీటర్ల దూరంలో ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. చిమ్నీ పక్క ఊళ్ళో గంధకం కొలిచి అంతా బాగుందనడం లెక్కలో సగం వదిలెయ్యడమే. ఏది గెలవాలో శాస్త్రవేత్తలు తేల్చాలి. నా అభ్యంతరం వేరే. ఈ చర్చంతా 2015కు ముందు జరగాల్సింది. అంకె ప్రకటించి, పదేళ్ళు గడువులు తిప్పి, ఆ తర్వాత శాస్త్రం గుర్తుకురావడం ఏం పాలన?

ఈ తిరగడంలో నష్టపోయిందెవరో చూడాలి. గంధకం పొగ కడిగే యంత్రాన్ని ఎఫ్‌జీడీ అంటారు. చిమ్నీకి పోయే పొగ మీద సున్నపురాయి పొడి కలిపిన నీళ్ళు చల్లితే గంధకం అందులో కలిసి జిప్సం అవుతుంది. కొత్త విద్యేం కాదు. లండన్‌లో బాటర్‌సీ విద్యుత్ కేంద్రం 1930ల్లోనే థేమ్స్ నీళ్ళతో పొగ కడిగింది. కడిగిన ఆ మురుగు మళ్ళీ థేమ్స్‌లోకే పోయింది, అది వేరే కథ. మన దేశంలో దీని ఖర్చు మెగావాట్టుకు అరకోటి లోపేనని మొదట అన్నారు, పోనుపోను కోటి దాటింది. అందరూ ఒకేసారి కొనాల్సినప్పుడు గడువులు తిప్పితే ధర అలాగే పెరుగుతుంది. ఒక ఏడాది తయారీదారుకు ఆర్డర్లు ఉండవు, ఇంకో ఏడాది మీద పడతాయి. 2018 మే 30న కేంద్ర విద్యుత్ శాఖ ఒక లేఖ రాసింది. ఈ యంత్రాల ఖర్చును చట్టంలో వచ్చిన మార్పుగా పరిగణించి ధరలో కలపనివ్వమని కేంద్ర విద్యుత్ నియంత్రణ కమిషన్‌కు చెప్పింది. అది న్యాయమే. కానీ దాని అర్థమేమిటంటే, ఆ ఖర్చు చివరికి మీదీ నాదీ. ఉత్పత్తిదారుడికి నిద్ర పట్టనిది ఖర్చు వల్ల కాదు, ఆ ఖర్చును కమిషన్ ఒప్పుకుంటుందో లేదోనన్న అనుమానంతో. గడువు మారినప్పుడల్లా ఆ అనుమానం మళ్ళీ మొదటికొస్తుంది. ముందే యంత్రం పెట్టినవాడి కరెంటు పైసల తేడాతో ఖరీదు అవుతుంది. ఏ ప్లాంటు కరెంటు చవకో దాన్ని ముందు నడపమనే పద్ధతిలో వాడు వెనక్కి పోతాడు. నా క్లయింటు జనరేటరు కథే ఇక్కడ మెగావాట్ల లెక్కన జరిగింది.

ఎన్ని పైసలు? ఎఫ్‌జీడీ అక్కర్లేదంటే యూనిట్టుకు 25 నుంచి 30 పైసలు ఆదా అని 2025లో పరిశ్రమ వర్గాలు చెప్పాయి. తిరుపతిలో ప్రధాన కార్యాలయం ఉన్న మన దక్షిణ డిస్కం బిల్లు చేతిలోకి తీసుకోండి. ఇంధన సర్దుబాటు చార్జీ అని ఒక వరస ఉంటుంది. నెలనెలా యూనిట్టుకు 40 పైసల దాకా వసూలు చేసుకోవచ్చని నిబంధన. బొగ్గు ధర పెరిగిందనో, దిగుమతి బొగ్గు కలపాల్సి వచ్చిందనో అది ఎప్పుడు వచ్చి చేరిందో మనలో చాలామంది గమనించలేదు. శుభ్రమైన పొగకు 30 పైసలంటే దేశం మునిగిపోతుందన్నారు. ఇంధనం పేరుతో 40 పైసలు కిక్కురుమనకుండా కట్టాం. మొదటిదానితో పిల్లల ఊపిరి మిగులుతుంది. రెండోదానితో ఏం మిగిలిందో నా లెక్కల పుస్తకంలో ఎక్కడా కనిపించలేదు.

అమెరికాలోనూ ఇదే పాట పాడారు. 1990లో ఆమ్లవర్షాల మీద చట్టం తెచ్చినప్పుడు, టన్ను గంధకం పొగ తగ్గించాలంటే వెయ్యి డాలర్లు దాటుతుందని విద్యుత్ కంపెనీలు బెదిరించాయి. 90ల నడిమికి వచ్చేసరికి బజారులో టన్ను పొగ వదిలే హక్కు పత్రం వంద, నూటేభై డాలర్లకు దొరికింది. మొదట చెప్పిన గడువులు నిలబడ్డాయి కాబట్టి కంపెనీలు తక్కువ గంధకం ఉన్న బొగ్గు వెతుక్కున్నాయి, యంత్రాలు చవకయ్యాయి. గడువు కదలదని తెలిస్తే మనిషి మెదడు పనిచేస్తుంది.

మన సీమ థర్మల్ కేంద్రం సంగతి కాస్త వివరంగా చెప్పాలి. ముద్దనూరు దగ్గరి రాయలసీమ థర్మల్‌లో 210 మెగావాట్ల యూనిట్లు ఐదు, 2018లో చేరిన 600 మెగావాట్ల యూనిట్టు ఒకటి. మొత్తం 1650 మెగావాట్లు. బొగ్గు వందల కిలోమీటర్ల అవతలి నుంచి రైల్లో రావాలి కాబట్టి ఇక్కడి కరెంటు ఎప్పుడూ ఖరీదే. ఇంత దూరం నుంచి బొగ్గు మోసుకొచ్చే ప్లాంటు కూర్చున్నది ఎక్కడ? ఎర్రగుంట్ల సున్నపురాయి పొరల పక్కన, సిమెంటు ఫ్యాక్టరీల నడుమ. పొగ కడగడానికి కావాల్సిన సున్నపురాయి ఇంటి పక్కనే ఉంది. కడిగితే వచ్చే జిప్సం కొనేవాడు ఆ పక్కింట్లోనే ఉన్నాడు. దేశంలో ఇంత అనుకూలమైన చోట్లు చాలా తక్కువ. ఆ లెక్క ఎవరైనా వేశారా అన్నది నా సందేహం.

అదే ప్లాంటులో ఇంకో నిబంధన ఎలా పనిచేసిందో కూడా చూడండి. మన బొగ్గులో మూడో వంతు, కొన్నిసార్లు అంతకంటే ఎక్కువ బూడిదే. 1999లో కేంద్రం బూడిద వాడకం మీద మొదటి నోటిఫికేషన్ ఇచ్చింది. గడువులు అక్కడా చాలాసార్లు పొడిగించారు, నేను దాచడం లేదు. కానీ దారి మాత్రం ఎప్పుడూ వెనక్కి తిరగలేదు. ప్రతిసారీ ఇంకాస్త బిగించారు. 2021 డిసెంబరు 31 నోటిఫికేషన్‌తో బూడిద మొత్తం వాడాలి, వాడని ప్రతి టన్నుకూ వెయ్యి రూపాయలు కట్టాలి అన్నారు. ఫలితం మీకు తెలుసు. ఒకప్పుడు ఊళ్ళ మీద ఎగిరిపడి జనం తిట్టుకున్న బూడిద ఇటుకలకు, సిమెంటుకు సరుకైంది. 2024 నవంబరులో ఆ బూడిద ఎవరి లారీల్లో తాడిపత్రి వైపు పోవాలన్న దాని మీద రెండు వర్గాలు రోడ్డెక్కి, వ్యవహారం ముఖ్యమంత్రి దాకా పోయింది. పర్యావరణ నిబంధన వ్యాపారాన్ని చంపుతుందనే వాదనకు ఇంతకంటే మొరటు జవాబు ఉండదు. చెత్త కోసం కొట్టుకునే స్థాయికి తెచ్చింది కదా!

ఇక మన్నవరం. శ్రీకాళహస్తి దగ్గర, ఒకప్పటి మన జిల్లాలో. 2010 సెప్టెంబరు 1న ప్రధాని మన్మోహన్ సింగ్ వచ్చి శంకుస్థాపన చేశారు. ఎన్టీపీసీ, బీహెచ్ఈఎల్ కలిసి పెట్టిన సంస్థ, సుమారు 750 ఎకరాలు, 6000 కోట్ల పెట్టుబడి మాట. థర్మల్ ప్లాంట్లకు కావాల్సిన యంత్రాలన్నీ ఇక్కడే తయారవుతాయని, వేల ఉద్యోగాలని అన్నారు. ఆ రోజుల్లో ఏర్పేడు నుంచి శ్రీకాళహస్తి దాకా సెంటు భూమి ధర ఎలా లేచిందో రిజిస్ట్రేషన్ పత్రాలు చూసినవాణ్ణి. తీరా బొగ్గు, బూడిద మోసే యంత్రాల తయారీ ఒక షెడ్డులో మొదలై అంతటితో సన్నగిల్లింది. దేశంలో కొత్త ప్లాంట్ల ఆర్డర్లు తగ్గాయి, తయారీదారులు ఎక్కువయ్యారు. కొన్నేళ్ళకే ఎన్టీపీసీ బయటికి రావాలని నిర్ణయించుకుంది.

మన్నవరం ఎందుకు ఆగిందంటే రాజకీయ కారణాలు పది చెబుతారు. నేను ఇంకోటి చేరుస్తాను, ఇది నా ఊహే, రుజువు లేదు. మన్నవరానికి కొత్త ప్లాంట్ల ఆర్డర్లు లేని ఆ కాలంలోనే, 2015 డిసెంబరులో, దేశంలో ఉన్న ప్లాంట్లన్నిటికీ పొగ కడిగే యంత్రాలు పెట్టాలన్న నిబంధన వచ్చింది. వందల యూనిట్లు. పంపులు, గొట్టాలు, సున్నపురాయి మరలు, తొట్లు. ఆ గడువు నిజమైన గడువు అయి ఉంటే, ఆ ఆర్డర్లకు ఖాళీగా ఉన్న షెడ్డు, నేల, ప్రభుత్వ పేరు మన దగ్గర సిద్ధంగా ఉన్నాయి. గడువు గాలికి పోయింది కాబట్టి ఆ బజారు పుట్టీ పుట్టకుండా పోయింది. పర్యావరణ నిబంధన వల్ల చిత్తూరు జిల్లా ఏం పోగొట్టుకుందని అడిగితే నేను వెంటనే మన్నవరం అంటాను. నిబంధన పెట్టినందుకు మాత్రం కాదు, పెట్టి వదిలేసినందుకు.

ఒకవైపు పదేళ్ళ సాగదీత. ఇంకోవైపు దీనికి పూర్తిగా ఎదురుగా ఒక రోజు మన కళ్ళముందే జరిగింది. 2021 ఏప్రిల్ 30న కాలుష్య నియంత్రణ మండలి అమరరాజా బ్యాటరీస్ కరకంబాడి, నూనెగుండ్లపల్లి ప్లాంట్లను మూసేయమని ఉత్తర్వు ఇచ్చింది. కరెంటు కూడా తీసేశారు. మే 6న హైకోర్టు ఆ ఉత్తర్వును నిలిపివేసింది. సీసం పాళ్ళ మీద మండలి ఆరోపణలు ఒకవైపు, కంపెనీ ఖండనలు ఒకవైపు. ఆ సంస్థకు చెందిన నాయకుడు అప్పట్లో ప్రతిపక్ష ఎంపీ కావడంతో ప్రతి మాటకూ రాజకీయ రంగు పడింది. ఎవరు ఒప్పు అన్నది నేను తేల్చలేను. సీసం విషమని, పనివాళ్ళ రక్తంలో దాన్ని కొలవాలని, ఊరి చెరువు మట్టిని పరీక్షించాలని ఎవరైనా ఒప్పుకోవాల్సిందే. కానీ ఆ పరీక్షలు ప్రతి ఆరు నెలలకూ అందరికీ కనిపించేలా జరిగి ఉంటే, అంకెలు గోడ మీద రాసి ఉంటే, ఒక రాత్రి మూసివేత ఉత్తర్వు అవసరమయ్యేదా? లేక ఆ ఉత్తర్వును ఎవరైనా రాజకీయమని అనగలిగేవారా? 2022 డిసెంబరులో అదే సంస్థ తెలంగాణతో 9500 కోట్ల ఒప్పందం చేసుకుని మహబూబ్‌నగర్ జిల్లాకు పోయింది. వ్యాపారం ఎందుకు ఊరు వదిలిపోతుందన్నదానికి వంద కారణాలుంటాయి. వాటిలో ఒకటి మనవాళ్ళందరికీ తెలుసు, ఎవరూ మైకు ముందు చెప్పరు.

బొగ్గు ఇంత చిక్కయితే శుభ్రమైన కరెంటు పెట్టినవాళ్ళు హాయిగా ఉండాలి కదా. వాళ్ళ పరిస్థితీ అంతే. 1997లో రాష్ట్ర ప్రభుత్వం ఊక, కట్టెముక్క, చెరకు పిప్పితో తయారయ్యే కరెంటుకు యూనిట్టుకు 2 రూపాయల 25 పైసలు, ఏటా 5 శాతం పెంపు అని హామీ ఇచ్చింది. ఆ మాట నమ్మి బ్యాంకు అప్పు తెచ్చినవాళ్ళున్నారు. 2004లో విద్యుత్ నియంత్రణ మండలి ఆ లెక్క మార్చింది. వివాదం సుప్రీంకోర్టు దాకా పోయి 2010లో మళ్ళీ మండలి దగ్గరికే వచ్చింది. 2019లో గాలిమరల, సౌర విద్యుత్ ఒప్పందాలనే తిరగరాస్తామంటూ కొత్త ప్రభుత్వం కమిటీ వేసింది. 2022 మార్చిలో హైకోర్టు ఒప్పందం ధర ఒప్పందం ధరేనంది. వీటన్నిటిలో ఎవరి ధర ఎక్కువో ఎవరిది తక్కువో నేను మాట్లాడటం లేదు. పొగ పెట్టేవాడికి గడువు జరుగుతుంది, పొగ పెట్టనివాడికి ధర జరుగుతుంది. మధ్యలో బ్యాంకువాడు వడ్డీ పెంచుతాడు. ఆ వడ్డీ కూడా మీ బిల్లులోనే ఉంటుంది.

2022 ఏప్రిల్ గుర్తుందా? 8వ తేదీ నుంచి పరిశ్రమలకు పవర్ హాలిడే. వారానికి ఇంకో రోజు సెలవు, నిరంతరాయంగా నడిచేవి సగమే వాడాలి. ఆ రెండు వారాల్లో ఈ జిల్లాలో తాగిన డీజిల్ ఎంతో, లేచిన పొగ ఎంతో ఎవరూ కొలవలేదు. జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం జాబితాలో ఆంధ్రప్రదేశ్ నుంచి 13 ఊళ్ళుంటే అందులో మన చిత్తూరు ఒకటి. గాలి ప్రమాణాలు అందుకోలేని ఊరు! దగ్గర్లో బొగ్గు ప్లాంటు లేదు కాబట్టి ఆ నేరం ఎవరి మీద పడుతుంది? రోడ్డు దుమ్ము మీద, ఇటుక బట్టీ మీద, హోటలు కట్టెపొయ్యి మీద, మన జనరేటర్ల మీద. పెద్ద చిమ్నీకి మినహాయింపు వచ్చిన దేశంలో చిన్న గొట్టానికి నోటీసు వస్తే వ్యాపారస్తుడికి కడుపు మండుతుంది. ఆ మంటను కొందరు పర్యావరణం మీదికే మళ్ళిస్తారు. అది తప్పు. మండాల్సింది తేడా చూపినవాళ్ళ మీద.

రామలింగారెడ్డి గారి 'ముసలమ్మ మరణం' మీలో చాలామంది చదివే ఉంటారు. బుక్కరాయసముద్రం చెరువు కట్ట తెగబోతే ఊరంతా బతకడానికి ఒక ఇంటి కోడలు ప్రాణమిచ్చిన కథ. మన కరెంటు వ్యవస్థలో ఆ కోడలు ఎవరో నేను చెప్పనక్కర్లేదు. థర్మల్ ప్లాంటు నీడలో బతికే పల్లెలవాళ్ళు. మూడో తరగతి అంటే అర్థం, దగ్గర్లో పెద్ద నగరమో, ఇప్పటికే గాలి చెడిన ఊరో లేదని మాత్రమే. అక్కడ మనుషులు లేరని కాదు.

బయటి ప్రపంచం మాత్రం మన గడువుల కోసం ఆగడం లేదు. ఐరోపా సమాఖ్య 2026 జనవరి నుంచి ఇనుము, ఉక్కు, అల్యూమినియం, సిమెంటు వంటి దిగుమతుల మీద వాటి తయారీలో వెలువడిన బొగ్గుపులుసు వాయువు లెక్కన పన్ను అమలు చేస్తోంది. పోత ఇనుప గొట్టాలూ ఆ జాబితాలో ఉన్నాయి. శ్రీకాళహస్తి పక్కన రాచగున్నేరిలో అవే గొట్టాలు పోస్తున్నారు. అక్కడ కోక్ బట్టీల్లో వృథాగా పోయే వేడితో సొంత కరెంటు తయారుచేసుకుంటున్నారు. ఏ చట్టమూ కొరడా పట్టకుండానే, లాభం కోసమే మొదలైన పని. రేపు ఐరోపాలో కొనేవాడు కాగితాలు అడిగినప్పుడు అది అక్కరకొస్తుంది. మన ప్రభుత్వం ఇచ్చిన మినహాయింపు కాగితం అక్కడ చెల్లదు. శ్రీసిటీలో ఉన్న విదేశీ కంపెనీలకు ఈ సంగతి మనకంటే ముందే తెలుసు.

కాబట్టి వర్తక సంఘం మిత్రులకు నా విన్నపం. నిబంధనలు సడలించండి అని ప్రతి మంత్రికీ ఇచ్చే వినతిపత్రం మానేయండి. సడలింపు పెద్దవాడికి ముందు అందుతుంది, మీకు చివరికి అందుతుంది, అందేలోపు మళ్ళీ మారుతుంది. మూడు అడగండి. నిబంధన పెట్టేరోజే ఖర్చు ఎవరిదో రాయాలి. గడువు పొడిగిస్తే, మొదటి గడువులోపే పెట్టుబడి పెట్టినవాడికి ఆ తేడా కట్టాలి. గాలి శుభ్రత కోసం వసూలుచేసే పైసలు బిల్లులో విడిగా, పేరుతో కనిపించాలి. ఆ డబ్బుతో యంత్రం పెట్టకపోతే తిరిగి ఇవ్వాలి.

విద్యుత్ నియంత్రణ మండలి టారిఫ్ మీద అభ్యంతరాలు పిలుస్తుంది, బహిరంగ విచారణ జరుపుతుంది. తిరుపతిలోనూ జరిపింది. నాకు తెలిసినంతలో మన సంఘం నుంచి వెళ్ళేవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. ఈసారి నోటీసు పేపర్లో పడగానే ఒక్కో యూనిట్టు నుంచి ఒక్కో పేజీ, తెలుగులోనే, మీ బిల్లు నకలు జతచేసి పంపండి. లాయరు అక్కర్లేదు. ఆడిటరు కావాలంటే నేనున్నాను, ఫీజు తీసుకోను.